పూజలో కూర్చున్న బోల్టు

మొన్న ఆయుధ పూజ రోజు నా పరువు, ముప్పావు లీటరు గేర్ ఆయిలు రెండూ నేలపాలయ్యాయి. నవ్వండి, పర్వాలేదు. కానీ మొత్తం విన్నాక నవ్వండి!

జిగణిలో మా ఫ్యాక్టరీ ప్యాకింగ్ సెక్షన్లో సుగుణ అని ఒక అమ్మాయి ఉండాది. హిందూపురం పక్క ఊరు. ఏడాదిగా నా ఎదురు టేబులే. ఆమె అట్టపెట్టెకు టేపు వేస్తుంటే నాకు పూలమాల కడుతున్నట్టే కనిపిస్తాది. ఏం చేసేది, నా కళ్లు అంతే! పండక్కి పది రోజులు ఊరికి పోతానంటే, "మెజెస్టిక్ బస్టాండు దాకా నా బండి మీద దింపుతా" అన్నాను. "సరే, తొమ్మిదికి రా" అనింది. ఇంకేం! ఊర్లో వాళ్ల మామ ఏదో సంబంధం తెస్తున్నాడంట. దారిలోనే మనసులో మాట చెప్పేయాలి, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ లేదు అనుకున్నా.

నాది మా నాన్న నడిపిన పాత టూ స్ట్రోక్ బండి. గేరు మారిస్తే 'ఠక్'మని తంతాది. ఆమె వెనక కూర్చున్నప్పుడు ఒక్క కుదుపు కూడా రాకూడదు కదా! అందుకని పొద్దున్నే లేచి, ఫోన్లో వీడియో చూసుకుంటూ గేర్ ఆయిల్ మార్చే పని పెట్టుకున్నా. గేర్‌బాక్సు కింద బోల్టు విప్పితే పాత ఆయిలు నల్లగా చట్టిలోకి దిగింది. "చివరి బొట్టు దాకా కారనివ్వండి" అన్నాడు వీడియోలో ఆయన. కారనిచ్చి స్నానానికి పోయా. ఆ తర్వాత అద్దం ముందు నిలబడి, చెప్పాల్సిన మాటలు ప్రాక్టీసు చేసుకుంటూ అరగంట!

బయటికొచ్చి, చట్టి పక్కకు జరిపి, గరాటు పెట్టి కొత్త ఆయిలు పోశా. తేనెలాగా ఎంత అందంగా జారుతోందో! దాన్నే చూస్తూ సీసా మొత్తం ఖాళీ చేశా. అప్పుడు కాలికి చల్లగా ఏదో తగిలింది. కిందికి చూస్తే, అమ్మ వేసిన ముగ్గు మీద ఆయిల్ కాలువ! పోసింది పోసినట్టే కింద నుంచి పోయింది. బోల్టు పెట్టనేలేదు!

వెతికితే బోల్టూ లేదు, పానాలూ లేవు. నేను స్నానంలో ఉండగా మా అవ్వ వాకిట్లో ఉన్న ఇనుమంతా ఏరుకుపోయింది. లోపల దేవుడి ముందర కత్తిపీట, కత్తెర, సుత్తి, నా పానాలు. వాటి మధ్యలో, తళతళా తోమిన నా బోల్టు! పసుపు, కుంకుమ, నెత్తిన ఒక చేమంతి పువ్వు కూడా.

"అవ్వా, అది ఇయ్యి! అర్జెంటు!"

"చెయ్యి పెట్టినావంటే చూడు! రేపు పొద్దున దాకా పూజలో పెట్టింది ఏదీ ముట్టకూడదు."

"అది ఆయుధం కాదవ్వా, బోల్టు!"

"ఇనుమే కదరా? సంవత్సరమంతా నిన్ను మోసింది. ఒక్క రోజు కూర్చోనీ దాన్ని."

మెకానిక్‌కు ఫోన్ కొట్టా. "అన్నా, ఒక బోల్టు, ఒక సీసా ఆయిలు..."

"నా పానాలు కూడా పూజలో ఉండాయప్పా. షట్టర్‌కు పూలు కట్టేసినా. నాళె బా!" రేపు రమ్మంట!

తొమ్మిదిన్నరకు సుగుణే ఫోన్ చేసింది. "ఎక్కడుండావప్పా?"

"బండి... పూజలో ఉండాది."

"మొత్తం బండా?"

"కాదు. బోల్టు."

నవ్వింది చూడండి, నిమిషం సేపు! "సరే, బస్ స్టాపుకు రా. బస్సులో పోదాం."

పండగ రష్. ఆమెకు ముందర లేడీస్ సీటు దొరికింది. నేను వెనక డోరు దగ్గర, ఎవరివో అరటి పిలకలు మెడకు గుచ్చుకుంటూ. మా మధ్య అరవై మంది! గంటకు పైన ఆమె జడలో మల్లెపూలు తప్ప ఇంకేం కనపడలేదు. ఇంకో రెండు స్టాపుల్లో మెజెస్టిక్. నాకు ఏమైందో ఏమో, ఆ ఇంజన్ మోతలో మిగతా వాళ్లకు వినపడదులే అనుకుని గొంతు చించుకుని అరిచా: "సుగుణా! నువ్వంటే నాకు శానా ఇష్టం!"

సరిగ్గా అప్పుడే సిగ్నల్ పడింది. డ్రైవర్ ఇంజన్ ఆపేశాడు.

బస్సు బస్సంతా తిరిగి నన్నే చూసింది. కండక్టర్ టికెట్లు ఆపేసి, "ఇల్లింద యాకప్పా? ముందె హోగి హేళు!" అని భుజం తట్టాడు. ఇక్కడి నుంచి ఎందుకు, ముందరికి పోయి చెప్పు అని! జనం ఒకరినొకరు నొక్కుకుని దారి ఇచ్చారు. ఒక పెద్దావిడైతే "పో నాయనా, పో" అని తోసింది కూడా. పోయి ఆమె ముందు నిలబడ్డా.

సుగుణ చెవిలో నుంచి ఇయర్‌ఫోన్ తీసి, "ఏమప్పా, మెజెస్టిక్ వచ్చేసిందా?" అనింది.

అద్దం ముందు అరగంట నేర్చుకున్న మాటలన్నీ ఎటు పోయాయో! "వస్తాంది... ఆ బ్యాగు ఇయ్యి, నేను పట్టుకుంటా" అన్నాను.

ఇప్పుడు నా ప్రేమ సంగతి అరవై మంది ప్యాసింజర్లకు, ఒక డ్రైవర్‌కు, ఒక కండక్టర్‌కు తెలుసు. తెలియాల్సిన మనిషి మాత్రం ఊర్లో హాయిగా ఓళిగలు తింటాంది!