పెద్దమ్మ కొంగు

నా చిన్నప్పుడు మా వీధిలో నవ్వు కావాలంటే నా దగ్గరికే వచ్చేవారు. గద్వాలలో మాది మగ్గాల వీధి. ఐదో తరగతిలో బడి మానేసి, గడప దగ్గర రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేదాన్ని. పంతులు ప్రశ్న అడిగినప్పుడు ‘తెల్వదు’ అంటే బెత్తం దెబ్బ పడేది. ఆ మాట అనలేక ఏదో ఒకటి కల్పించి చెప్పేదాన్ని, దానికి ఇంకో రెండు పడేవి. బడి పోయినా ఆ కల్పించే విద్య మాత్రం నాతోనే ఉండిపోయింది.

పక్కింటి అక్క హైదరాబాదులో లా చదివేది. మా వీధిలో అంత చదువు ఆమెకే వచ్చింది. సెలవులకు వస్తూ ఇటుకల్లాంటి పుస్తకాలు మోసుకొచ్చేది. వాళ్ళ కాలేజీలో ఉత్తుత్తి కోర్టు పెట్టి, పిల్లలతోనే వాదనలు చేయిస్తారట. నలుగురిలో నోరు విప్పాలంటే అక్కకు భయం. అందుకని మధ్యాహ్నం పూట వాళ్ళ అరుగు మీద మమ్మల్ని కూర్చోబెట్టి సాధన చేసేది. జడ్జి వాళ్ళ అవ్వ. కూర్చున్నచోటే కునికేది కాబట్టి ఎవరి పక్షమూ వహించేది కాదు. సాక్షిని ఎప్పుడూ నేనే. నా జవాబులకు పిల్లలు పడీపడీ నవ్వితే, అడగాల్సిన ప్రశ్న అక్క మరిచిపోయేది.

ఆ ఎండాకాలం మా ఇంట్లో ఎర్ర పట్టు పోగుల చుట్ట, చిలప, ఒకటి పోయింది. చీర అంచు కోసం షావుకారు ఇచ్చిన పట్టు అది. ఆ రోజు ఇంటికి వచ్చిన బయటి మనిషి అతుకుల పెద్దమ్మ ఒక్కతే. మగ్గం మీద పాత పడుగు అయిపోవచ్చినప్పుడు, కొత్త పడుగు పోగులను పాతవాటి కొసలకు ఒక్కొక్కటిగా మెలేసి అతకాలి. వేళ్ళకు బూడిద రాసుకుని పొద్దంతా వంచిన తల ఎత్తకుండా ఆ పని చేసేది ఆమె. మొగుడు లేడు, పిల్లలు లేరు. నాలుగిళ్ళవాళ్ళు నమ్మి లోపలికి రానిస్తేనే ఆమెకు తిండి.

సాయంత్రం ఆడవాళ్ళంతా మా గుమ్మంలో చేరి, ఎవరు తీసి ఉంటారని తర్జనభర్జన పడుతున్నారు. నా నాలుక ఊరుకోలేదు.

“పెద్దమ్మ వొచ్చేటప్పుడు సన్నగనే వొచ్చింది. పోయేటప్పుడు నడుముకాడ జర లావైంది” అన్నాను.

అందరూ నవ్వారు. తెల్లారేసరికి ఆ నవ్వు వీధంతా తిరిగి, పిల్ల కళ్ళారా చూసిందట అన్న మాటగా మారి మా ఇంటికే వచ్చింది. అడిగినవాళ్ళందరికీ మళ్ళీ చెప్పాను. చెప్పిన ప్రతిసారీ కాస్త రంగు అద్దాను. మూడో ఇంటికి వచ్చేసరికి పెద్దమ్మ కొంగులోంచి ఎర్ర పోగు వేలాడుతోంది. అంతమంది పెద్దవాళ్ళు నా మాట చెవి ఒగ్గి వినడం నాకదే మొదటిసారి. మర్నాడు సాయంత్రం కులపెద్దలు కూర్చుంటారని, ఇక ఆమెను ఏ ఇంటికీ పిలవొద్దని చెబుతారని తెలిసింది. అప్పుడైనా నా మాట వెనక్కి తీసుకోలేదు.

ఆ మధ్యాహ్నం అక్క నన్ను అరుగు మీదికి పిలిచింది. ఎప్పటిలాగే ఆట అనుకున్నాను. కానీ ఆమె చేతిలో పుస్తకం లేదు.

“పెద్దమ్మ పోయేటప్పుడు నువ్వేడున్నవ్?”

“గడపకాడ, కండెలు చుడుతున్న.”

“మొకం ఎటు పెట్టి కూసున్నవ్?”

“బజారు దిక్కు.”

“మగ్గం ఏడుండె?”

“నా వీపెనుక.”

“వీపుకు కండ్లున్నయా?”

“ఉన్నయి. రెండు” అన్నాను. పిల్లలు గొల్లున నవ్వారు. అవ్వ ఉలిక్కిపడి లేచింది. అక్క నవ్వలేదు. నవ్వు ఆగేదాకా చూసి, మెల్లగా అదే ప్రశ్న మళ్ళీ అడిగింది. పెద్దమ్మ గడప దాటేటప్పుడు నేను తలెత్తి చూశానా అని అడిగింది. పోగు తెగితే తల వంచుకుని ముడివేస్తున్నానని గుర్తొచ్చింది. కొంగులో ఏముందని అడిగింది. ఈసారి నా దగ్గర జోకు లేదు.

“తెల్వదు” అన్నాను. బెత్తం కోసం చేయి దానంతటదే ముందుకు వచ్చింది.

అక్క ఆ చేయి పట్టుకుంది. “రెండేండ్ల సంది చదువుతున్న. తెల్వదు అనుడు గూడ జవాబే అని నాకు గిప్పుడిప్పుడే సమజైతుంది. నడువు, పెద్దమనుషుల ముంగట గదే చెప్పు.”

మర్నాడు సాయంత్రం నాతోపాటు అక్క కూడా వచ్చి పక్కన నిలబడింది. నేనే చెప్పాను. చూడలేదని, నవ్వించడానికి అన్నానని. మా నాయిన తల దించుకున్నాడు. పెద్దమనుషులు చిన్నపిల్ల మాట అని తేల్చేసి లేచారు. ఓ మూలన కూర్చున్న పెద్దమ్మ కూడా లేచింది. వేళ్ళకు ఇంకా బూడిద ఉంది. నా పక్కనుంచి పోతూ ఆగింది.

“బాగ నవ్వించినవ్ బిడ్డా” అంది.

తిట్టినట్టు కూడా అనలేదు. నిజంగానే మెచ్చుకున్నట్టు అంది.

ఆమెను రావద్దని ఎవరూ అనలేదు. రమ్మని కూడా ఎవరూ పిలవలేదు. నెల తిరక్కుండా రాజోలిలో తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయింది. మా మగ్గం మీద కొత్త పడుగు అతికేవాళ్ళు లేక వారం రోజులు అట్లాగే పడి ఉంది. పట్టు చిలప దొరకలేదు. ఎవరు తీశారో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమే తీసి ఉండొచ్చు, తీయకపోయీ ఉండొచ్చు. ఎన్నేళ్ళు ఆలోచించినా నా దగ్గరున్నది ‘తెల్వదు’ అన్న ఆ ఒక్క మాటే.

అక్క చదువు పూర్తిచేసి వకీలైంది. ఇప్పుడు నా మనవరాలు లా కాలేజీలో చేరింది. సాక్షిని ఎట్లా ప్రశ్నించాలో నేర్పుతున్నారని మొన్న ఫోనులో చెబుతుంటే, ఆ పాఠం నేను అరుగు మీదే చదివానని అన్నాను. అవ్వ మళ్ళీ జోకేసిందని నవ్వింది. నవ్వనిచ్చాను.

నా నాలుక ఇప్పటికీ కుదురుగా ఉండదు. కానీ వీధిలో ఏదైనా పోయి, ఎవరి పేరైనా నోటి చివరికి వచ్చినప్పుడు, ఆ వేళ నేను మొహం ఎటు పెట్టి కూర్చున్నానో ముందు గుర్తు చేసుకుంటాను. చాలాసార్లు బజారు దిక్కే.