తాటాకు కింద చెలమ

నీళ్లబిందె అయితే ఇంటికి రాగానే దించేస్తాం. ఇది దించడానికి వీల్లేని బరువు. పదేళ్లు దాటింది మోయబట్టి. మా ఆయనకు చెప్పలేదు, కడుపున పుట్టిన పిల్లకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మాది వాకాడు దాటాక సముద్రం పక్క పల్లె. నయాపైసలు కొత్తగా వచ్చిన రోజులవి. ఆ ఏడు గాలివానకు సముద్రం పొలాల మీదికి వచ్చి పోయింది. నీరు తీసినా బావుల్లో ఉప్పు మిగిలింది. అన్నం ఉప్పు, మజ్జిగ ఉప్పు. పప్పు ఎంతసేపు ఉడికించినా గింజ గింజగానే ఉండేది. ఆడవాళ్లం బిందెలు పట్టుకుని ఇసకదిబ్బల్లో చెలమలు తవ్వుకుంటూ తిరిగేవాళ్లం. చేతులతో ఇసక తోడితే మోకాటి లోతున నీరు ఊరుతుంది. ఎక్కువ చోట్ల అదీ ఉప్పే. ఎవరికైనా మంచినీళ్లు పడితే నలుగురికీ చెప్పాలి, ముంచుకునే కొబ్బరిచిప్ప పక్కనే వదిలి రావాలి. ఎవరో పెట్టిన కట్టుబాటు కాదు. అందరూ చేసేదే.

నాకు తాటితోపు వెనక పడ్డాయి తియ్యటి నీళ్లు. చిప్ప పక్కన పెట్టి లేచాను. నాలుగడుగులు వేశాను. మళ్లీ వెనక్కి వెళ్లి, చిప్ప చెంగున కట్టుకుని, చెలమ మీద తాటాకులు పరిచి పైన ఇసక చల్లాను.

ఎందుకు? ఇంట్లో చంటిపిల్ల ఉంది, దాని కోసం అని ఆ రోజే నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఎవరు ఏది దాచుకున్నా బిడ్డల పేరే చెబుతారు కదా. కానీ రెండు బిందెలు ముంచుకుని కాసేపు కూర్చుంటే చెలమ మళ్లీ నిండటం నా కళ్లతో చూశాను. తరిగిపోతాయన్న భయం కాదు. ఊళ్లో ఎవరికీ లేనిది నాకుంది. అదీ అసలు సంగతి.

మా పక్కింట్లో కాశింబి ఉండేది, టైలరు భార్య. నాకు తోడబుట్టినవాళ్లు లేరు, ఆ లోటు ఆమె తెలియనివ్వలేదు. మధ్యాహ్నం వంటలయ్యాక, మొగుడు కుట్టిన చొక్కాలు తెచ్చుకుని మా అరుగు మీద కాజాలు కుడుతూ కూర్చునేది. నేను బియ్యంలో రాళ్లు ఏరేదాన్ని. ఏం మాట్లాడుకున్నామో ఒక్కటీ గుర్తు లేదు. మాటలు అయిపోయేవి కావన్నది మాత్రం గుర్తుంది.

అప్పుడామెకు ఏడో నెల. ఉప్పునీళ్లు తాగి తాగి కాళ్లు వాచాయి. నేను రోజూ గిన్నెడు పప్పు పంపేదాన్ని. ఒకనాడు గిన్నె తిరిగి ఇస్తూ అడిగింది.

"అక్కా, మీ ఇంట పప్పు వెన్న మాదిరి ఉడుకుతా ఉండాదే. యాడి నీళ్లు?"

"మా బావివే మే. చిల్లగింజ అరగదీసి కలుపుతా ఉండా."

"దాంతో మట్టి గదా అడుక్కి దిగేది. ఉప్పు గూడా పోతాదా?"

రా, చూపిస్తా అన్నమాట నోటి దాకా వచ్చింది.

"పోతాది," అన్నాను.

పప్పు ఇచ్చాను, నీళ్లు ఇవ్వలేదు. పప్పు ఇస్తే పైచేయి నాదే. చెలమ చూపిస్తే ఇద్దరం సమానమైపోతాం. ఇలా ఇచ్చి, అదే మంచితనమనుకునేవాళ్లు లోకంలో నేనొక్కదాన్నేనా? కాకపోతే మాత్రం నాకేం ఊరట?

మర్నాటి నుంచి వాళ్ల దొడ్లో రాతి మీద చిల్లగింజ అరగదీసే చప్పుడు. నెలరోజులు విన్నాను. ఏ పూటైనా గోడ దాటి వెళ్లి నిజం చెప్పి ఉండవచ్చు. రోజు గడిచేకొద్దీ, నిన్న ఎందుకు చెప్పలేదంటే ఏమనాలి అన్న బెరుకు పెరిగింది. రేపు, రేపు అనుకున్నాను.

నెల తిరిగేసరికి కాశింబి ముఖం కూడా ఉబ్బింది. మొగుడు భయపడ్డాడు. కుట్టుమిషను ఎక్కడ పెట్టుకుంటే అక్కడే వాళ్ల బతుకు, మాలాగా వాళ్లను పొలం కట్టిపడేయలేదు. ఆమె పుట్టింటికి, సూళ్లూరుపేటకే వెళ్లి ఉండిపోదామని బండి కట్టించాడు. ఎక్కబోతూ కాశింబి నా చేతిలో చిన్న గుడ్డమూట పెట్టింది. చిల్లగింజలు.

"నా చేతికి రాలా అక్కా. నీ చేతి గుణమేమో. నువ్వే ఉంచుకో."

తెలిసి అన్నదా, తెలియక అన్నదా? ఆమె ముఖంలో ఎంత వెతికినా రోజూ ఉండే నవ్వే కనిపించింది. తెలియక అన్నదనుకుంటే ఏడుపొస్తుంది. తెలిసే అన్నదనుకుంటే ఏడవడానికి కూడా మొహం చెల్లదు.

తర్వాతి వానలకు బావులు బాగయ్యాయి. చెలమ పూడిపోయింది. ఆమెకు కాన్పు క్షేమంగా జరిగిందో లేదో తెలియదు. సూళ్లూరుపేట నుంచి ఎవరొచ్చినా టైలరు భార్య కాశింబి ఎలా ఉందని అడుగుతాను. వాళ్లేమో అక్కడి దీవిలో రాకెట్లు ఎగరేసే చోటు కడతారట అని ఆ కబుర్లు చెబుతారు. మధ్యాహ్నం అరుగు మీద ఇప్పటికీ ఒక పక్కకు జరిగే కూర్చుంటాను. రెండోవాళ్లకు చోటు ఉంచి.

ఆమె ఒక్కసారి వచ్చి కూర్చుంటే చాలుననిపిస్తుంది. ఏమీ అడగకపోయినా సరే.

మూట నా పెట్టెలోనే ఉంది. తొమ్మిది గింజలు. తొమ్మిదీ ఒక పక్క సగానికి పైగా అరిగిపోయి ఉన్నాయి. క్షమించమని అడగను, అదీ మళ్లీ నా కోసమే అవుతుంది. ఆమె ఆ రోజు అడిగినదానికి జవాబు మాత్రం ఇక్కడ రాసుకుంటే ఊపిరాడుతుందేమో.

పోదు కాశింబీ. చిల్లగింజతో ఉప్పు పోదు. తాటితోపు ఎనక చెలమ ఉండాది, బిందె తీసుకొని రా.