సుబ్బరత్నం ముక్కు

చెంచురామయ్య విస్తరి ముందు నుంచి లేచి నిలబడ్డాడు. డెబ్బై ఎనిమిదిలో ఏన్కూరులో జరిగిన పెళ్లి. మగపెళ్లివాళ్లలో పెద్దనోరు ఆయనదే.

"ఏందమ్మా గీ పులుసు? ఉప్పేసినవా, మరిచినవా? ఒక్కచుక్క నాలిక మీద ఏసుకొని చూస్తే నీ సొమ్మేం పోయేది?"

వంటమనిషి సుబ్బరత్నం గాడిపొయ్యి దగ్గర నుంచి గరిటెతోనే వచ్చింది.

"నైవేద్యం కాకముందే ఎంగిలి చేసిన వంట కావాలంటే హోటలుకు వెళ్లండి, అన్నయ్యగారూ. ఉప్పు నేను ఆవిరిలోనే చూస్తాను. దవడలో ఆ జర్దా పెట్టుకుంటే మీకేం తెలుస్తుంది? ఉమ్మేసి, పుక్కిలించి, మళ్లీ తినండి."

బంతి అంతా చూస్తుండగా ఆయన ఉమ్మాడు, పుక్కిలించాడు, తిన్నాడు.

"అవ్, సరిపోయింది."

"గట్టిగా అనండి. చివరివాళ్లకు వినబడలేదు."

ఆయనతో అనిపించింది కూడా. కూరగాయలు తరుగుతున్న నాకు కడుపు నిండిపోయింది.

సుబ్బరత్నానిది కృష్ణా అవతలి ఊరు. అత్తింటివాళ్లు పొలాల కోసం టేకులపల్లి వస్తూ, మొగుడు పోయిన ఈవిడను కూడా సామాను బండిలో వేసుకొచ్చారు. మరిది ఇంట్లో వంటగది మూలే ఆవిడ వాటా. పెళ్లి వంటలతో పేరొచ్చాకే వేరే గది, తన తాళం. మిరపకాయ మన దేశపుది కాదని, ఓడల్లో వచ్చిందని, పూర్వం కారమంటే మిరియాలేనని ఆవిడ చెప్తే నేను నవ్వాను. తర్వాత బడిపంతులూ అదే అన్నాడు. అప్పుడు నమ్మాను.

ఎనభై ఆరులో నెలరోజులు జ్వరపడి లేచింది. ఇంగువ డబ్బా మూత తీస్తే ఏమీ తెలియలేదు. దవాఖానాలో డాక్టరు చెప్పాడట, నాలుకకు తెలిసేది ఉప్పు, పులుపు, తీపి, చేదు లాంటి నాలుగు ముక్కలేనని, కారం ఉత్త మంటేనని, మిగతా రుచంతా ముక్కు పనేనని. ఆ ముక్కు పోయింది. అయినా నైవేద్యానికి ముందు నాలుక మీద చుక్క వేసుకోనన్న పంతం వదల్లేదు.

ఈ సంగతి ఇద్దరికే తెలుసు. ఒకరు నేను. రెండో మనిషి నాగక్క. పినపాక వైపు అడవి ఊరామె, పెళ్లిళ్లలో పిండి రుబ్బేది. ఇప్పపువ్వు గంప వాకిట్లో ఉండగానే పులిసిందో లేదో చెప్పగల ముక్కు ఆమెది. ఒప్పందం ఇదీ: ఉప్పు సరిపోతే పొత్రంతో రోటి అంచు మీద ఒకసారి కొట్టాలి, మాడబోతే రెండుసార్లు. నాలుగేళ్లు సుబ్బరత్నం పేరు నాగక్క ముక్కు మీదే నడిచింది. అయినా నాగక్క నీడ గిన్నె మీద పడితే ఆవిడ కసిరేది.

తొంభైలో టేకులపల్లిలో పెళ్లి. పోపులో మెంతులు పడ్డాయి. రోలు రెండుసార్లు మోగింది. సుబ్బరత్నం మూకుడు దించబోయింది. పొయ్యి దగ్గర కూర్చున్న పెళ్లికొడుకు మేనత్త నిర్మలాదేవి పకపకా నవ్వింది.

"ఏంది పిన్నీ, గామె రోలు కొడితే నువ్వు దించుతున్నవ్? వంట నీదా, గామెదా?"

సుబ్బరత్నం చెయ్యి ఆగిపోయింది. నాగక్క మళ్లీ కొట్టింది. చివరికి నోరు తెరిచింది.

"అమ్మా, మెంతులు మాడుతున్నయ్!"

"రుబ్బేదానివి రుబ్బు. నాకు వంట నేర్పకు."

పొగలో రంగు తెలియలేదు. మాడిన పోపంతా పులుసు గంగాళంలో పోసేసింది. ఆ కంపు నాకూ కొట్టింది. నేను నోరు మెదపలేదు. ఏమవుతుందో చూడాలనిపించింది.

మొదటి బంతిలోనే జనం ఉమ్మేశారు.

"ఇదే!" అని సుబ్బరత్నం నాగక్కను చూపించింది. "గంగాళం ముట్టుకుంది. చేదు వేరేదో కలిపింది."

ఇద్దరు మగవాళ్లు నాగక్కను జుట్టు పట్టి లాగారు. ఎవడో మరిగే పులుసు ఆమె పాదాల మీద గుమ్మరించాడు. తోలు ఊడొచ్చింది. ఆమె సుబ్బరత్నాన్నే చూసి, "చెప్పిన గదమ్మా, రెండుసార్లు కొట్టిన గదా" అంది. ఆ మాట మా ఇద్దరికే అర్థమైంది. ఇద్దరమూ మాట్లాడలేదు.

నెల తిరక్కుండా సుబ్బరత్నం మా ఇంటికి వచ్చింది.

"ఇంకో పెళ్లి ఒప్పుకున్నాను. ఇదీ చెడితే మళ్లీ మరిది వంటింట్లో పడుండాలి. అది లేకుండా నా వల్ల కాదు."

"అయితే నువ్వే పో. ఆ కాలిన కాళ్లే పట్టుకో" అన్నాను.

"చచ్చినా పట్టుకోను. నువ్వు వెళ్లు. కాళ్లు మానాయా అని అడగకు, అడిగితే ఏడుస్తుంది. పొయ్యి దగ్గర కూర్చోగలదా, ముక్కు పనిచేస్తోందా, అంతే చూసి తీసుకురా. నేను పంపానని మాత్రం చెప్పకు."