ఆశాజ్యోతి సర్వరు, నా ఇటుకలు

మా చర్చిలో మొదటి బల్బు వెలిగించింది నేను. పంతొమ్మిది వందల డెబ్బై నాలుగు, క్రిస్మసుకి నాలుగు రోజుల ముందు. ఊళ్ళో మిషన్ బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివి, కరెంటు శాఖలో వైర్‌మన్‌గా ముప్ఫై నాలుగేళ్ళు చేశాను. నాలుగు రైసు మిల్లులకీ పదకొండు చర్చిలకీ వైరింగు నా చేతి మీద జరిగింది. నా లైను తగిలి ఒక్క మనిషికి గానీ గొడ్డుకి గానీ ఏమీ కాలేదు. రాజరత్నం వేసిన లైనంటే ఆఫీసర్లు పైకి ఒకసారి చూసి సంతకం పెట్టేసేవారు.

ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, నేను రాయబోయేది ఆశాజ్యోతి గురించి. చర్చి రిజిస్టర్లు ఆ అమ్మాయి చేతిలో పోయాయని ఊరంతా అంటుంది. ఆ రోజు ఆ గదిలో ఇద్దరం ఉన్నాం. రెండో మనిషిని నేను.

ఆశాజ్యోతి మా వీధి పిల్లే. తండ్రి లేడు. తల్లి బేబీ నాట్లకీ కోతలకీ వెళ్ళి పెంచింది. రాజమండ్రిలో పాలిటెక్నిక్ చదివినన్నాళ్ళూ ఆరు గంటల బస్సుకి వెళ్ళి దీపాలు పెట్టే వేళకి దిగేది. క్లాసులో రెండో ర్యాంకు. బేబీ ఆ మాట ఎవరికీ చెప్పుకోలేదు. నేనే పని మీద రాజమండ్రి వెళ్ళి, కాలేజీ బోర్డు మీద పేరు చూసొచ్చి వీధంతా చెప్పాను. హైదరాబాదులో ఉద్యోగం వచ్చినా వెళ్ళలేదు. మా చర్చి ఆఫీసులో రిజిస్టర్ల పనికి చేరింది.

"అక్కడ కంప్యూటర్లు చూసుకోడానికి వేలమంది ఉన్నారండి. వీటిని చూసుకోడానికి ఇక్కడ ఎవరూ లేరు," అంది అయ్యగారితో. అయ్యగారంటే మా పాస్టరు గారు.

ఆ రిజిస్టర్లు పంతొమ్మిది వందల పదకొండు నుంచి ఉన్నవి. నలభై ఒక్క పుస్తకాలు. చుట్టుపక్కల లంకల్లో పంతొమ్మిది ఊళ్ళ బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, సమాధులు. కూలికి పోయే ఇళ్ళల్లో పుట్టిన తేదీ రాసి దాచుకునే తీరిక ఎవరికుంది? పింఛనుకి వయసు చూపించాలన్నా, పాస్‌పోర్టుకి తండ్రి పేరు చూపించాలన్నా ఆ పుస్తకాలే దిక్కు. కొందరు ఈ భూమ్మీద బతికారనడానికి అందులో ఉన్న ఒక్క వరస తప్ప ఇంకో ఆనవాలు లేదు.

ఎనభై ఆరు వరదలో ఆ పుస్తకాల్ని కాపాడింది నేనే. బీరువాని గడ్డపారతో లేపి నాలుగు కాళ్ళ కిందా నాలుగేసి ఇటుకలు పెట్టాను. నీళ్ళు మూడో ఇటుక తడిపి ఆగిపోయాయి. లంకల్లో పుట్టినవాడికి ఈ విద్య ఎవరూ నేర్పక్కర్లేదు. ధవళేశ్వరంలో రెండో ప్రమాద హెచ్చరిక ఎగరేశారనగానే మంచాలు, బీరువాలు, బస్తాలు ఇటుకల మీదికి ఎక్కుతాయి. విలువైనది ఎంత పైనుంటే అంత మంచిది. ఆ ఏడు మా వీధిలో ఇరవై రెండిళ్ళ సామాను నేనే ఎక్కించాను. ఏ ఇంట్లోనూ ఏదీ తడవలేదు.

ఆశాజ్యోతి మూడేళ్ళు కూర్చుని ఒక్కో పేజీ బ్రష్షుతో దులిపి స్కాన్ తీసింది. ఆ బొమ్మలన్నీ దాచడానికి సర్వరు వచ్చింది. విశాఖపట్నంలో ఎవరో ఆఫీసు ఖాళీ చేస్తూ చర్చికి ఇచ్చేశారు. సర్వరంటే టీవీ లాంటిదేదో అనుకున్నాను. తీరా చూస్తే గజం పొడుగున్న ఇనప పెట్టె, ఎత్తు మాత్రం జానెడు కూడా లేదు. మొయ్యడానికి ఇద్దరు పట్టాలి. నిలువెత్తు ఇనప చట్రంలోకి, సొరుగు తోసినట్టు పట్టాల మీద తొయ్యాలి. ఆ చట్రాన్ని ర్యాక్ అంటారు.

"తాతయ్యా, దీనికి ఎర్తింగు మీరే వెయ్యాలి," అంది.

"మీ కొత్త మిషన్లకి నా పాత పద్ధతి సరిపోతుందా?"

"బొగ్గూ ఉప్పూ పాతవైతే సరిపోదండి. మనిషి పాతవాడైతే పర్లేదు."

ఆఫీసు వెనకాల నిలువు లోతు గొయ్యి తవ్వించి బొగ్గు, ఉప్పు వరసలు వేసి గొట్టం దింపాను. ఎండాకాలం రోజూ ఒక బిందె నీళ్ళు నేనే పోసేవాణ్ణి. రాజమండ్రి నుంచి వచ్చిన ఇంజినీరు మీటరు పెట్టి చూసి, "ఇది ఎవరు వేశారండి?" అని అడిగాడు. అది అలా ఉంచుదాం.

ర్యాకుని తనే నిలబెట్టింది. నీళ్ళమట్టం పెట్టి నాలుగు మూలలూ సరిచూసింది. ముందుకి తూలిపోకుండా ర్యాక్ కింద రెండు ఇనప కాళ్ళు బయటికి చాపి ఉంటాయి. అవి నేలకి గట్టిగా ఆనేదాకా మరలు బిగించింది. అడుగున బ్యాటరీలు, వాటి మీద సర్వరు, దాని మీద తేలికైన ఇంకో మిషను. అందులో అన్నిటికీ నకలు ఉంటుంది. మిషనుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం చదివి, జాగ్రత్తలన్నీ తెలుగులో అట్ట మీద రాసి గోడకి అంటించింది. బరువైనది ఎప్పుడూ కిందే ఉండాలి. ముందు కాళ్ళు నేలకి ఆనకుండా ఏదీ బయటికి లాగకూడదు. ఒకసారికి ఒక్కటే లాగాలి. గాలి ఆడే చోట ఏమీ పెట్టకూడదు. చివరిది మాత్రం పుస్తకంలోది కాదు, మా ఆవిడ దీనమ్మ వల్ల వచ్చింది: "మీద కుట్టుపని చేసిన గుడ్డ కప్పకూడదు." దుమ్ము పడుతుందని దీనమ్మ మా ఇంట్లో ఫ్రిజ్జుకి కప్పినట్టే సర్వరుకీ ఒకటి కుట్టి పట్టుకెళ్ళింది మరి.

నకలు ఇంకొకటి రాజమండ్రిలో పెడదామని ఆశాజ్యోతి కమిటీని మూడుసార్లు అడిగింది. కమిటీలో నేనూ పెద్దనే. "రెండు చోట్ల ఉంటే రెండు కాపలాలు. ఒక్కచోట ఉంటేనే భద్రం," అన్నాను. అందరూ తలలూపారు. స్కాన్ అయిపోయింది కదా అని పుస్తకాల్ని చర్చి అటక మీద పడేశారు. రెండేళ్ళలో చెదలు తినేశాయి. అట్టలు మాత్రం మిగిలాయి.

ఆ మిషన్లో నాదీ ఒక వరస ఉంది. మా మొదటి పిల్ల డెబ్బై మూడులో పుట్టింది. కృపామణి. పదకొండు రోజులు బతికింది. ఫొటో లేదు, కనీసం ఒక గౌనైనా మిగల్లేదు. ఒకరోజు ఆశాజ్యోతి, "తాతయ్యా, మీ పేరుతో ఒకటి కనిపించింది, చూస్తారా?" అని మెల్లిగా అడిగి తెర మీద పెట్టింది. పాత అయ్యగారి దస్తూరీ. బాప్తిస్మం తేదీ, పిల్ల పేరు, మా ఇద్దరి పేర్లు, పక్కన "ఇంటి దగ్గర ఇవ్వబడినది" అని. దాదాపు యాభై ఏళ్ళకి మళ్ళీ ఆ పేరు చూశాను.

"ప్రింటు తియ్యనా?"

"ఎందుకమ్మా? నీ మిషన్లో ఉందిగా. ఎక్కడికి పోతుంది?"

రెండువేల ఇరవై రెండు జూలైలో మూడో హెచ్చరిక వచ్చింది. ఊరంతా గట్టు మీద ఇసక బస్తాలు మోస్తోంది. ఆశాజ్యోతి మిషన్లని పద్ధతి ప్రకారం ఆపి, తీగలు ఊడదీసి నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"తాతయ్యా, ఒక్కొక్కటీ విప్పి హైస్కూలు మేడ మీదికి చేర్చేద్దాం. నలుగురు చాలు."

"నలుగురెక్కడున్నారే? ఇటుకలైతే ఉన్నాయి."

గడ్డపార తెచ్చి ర్యాక్ లేపి నాలుగు మూలలా రెండేసి ఇటుకలు పెట్టాను. అడుగునున్న బ్యాటరీలు తీసి బల్ల మీద పెట్టాం. సర్వరునీ నకలు మిషన్నీ ర్యాకులో అన్నిటికన్నా పైకి ఎక్కించాం. సర్వరు పైన, దాని కింద నకలు. ఆశాజ్యోతి కిందికి వంగి చూసింది.

"ముందు కాళ్ళు గాల్లో ఉన్నాయి తాతయ్యా. బరువంతా పైకి వెళ్ళిపోయింది. పుస్తకంలో దీనికి సరిగ్గా తిరగేసి ఉంది."

"ఆ పుస్తకం రాసినవాడు గోదావరి చూశాడా?"

"గోదావరి కూడా ఆ పుస్తకం చూడలేదు కదండీ!"

నవ్వాను. తనూ నవ్వింది. ఎనభై ఆరులో బీరువా సంగతి ఇంకోసారి చెప్పాను. పెద్దవాణ్ణి. ఇక ఎదురు చెప్పలేదు.

నీళ్ళు ఆఫీసు రెండో మెట్టు దాకా వచ్చి, రెండు రోజులు నిలబడి, వెనక్కి వెళ్ళిపోయాయి. గది నేల తడవలేదు. అయినా వచ్చినవాళ్ళందరికీ ఆ ఇటుకలు చూపించాను.

ఐదో రోజుకి కరెంటు వచ్చింది. ఆ పొద్దునే పక్క లంక నుంచి సుబ్బాయమ్మ అనే ముసలావిడ పడవెక్కి వచ్చింది. మర్నాడు పింఛను కాగితాలకి ఆఖరు రోజు, వయసు రుజువు కావాలి.

"ర్యాక్ కిందికి దింపి వెలిగిద్దాం తాతయ్యా. దింపడానికి మనుషుల్ని పిలవండి," అంది ఆశాజ్యోతి.

"ఇప్పుడు దింపడమెందుకు? ఉన్నచోటే వెలిగించమ్మా. ఆవిడ మళ్ళీ పడవ అందుకోవాలి."

వెలిగించింది. పంతొమ్మిది వందల యాభై ఆరులో సుబ్బాయమ్మ పేరు దొరికింది. కాగితం ప్రింటు తీసిచ్చింది. ఆవిడ కొంగులో పెట్టుకుని దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. ఆ మిషన్లోంచి వచ్చిన ఆఖరు కాగితం అది.

అప్పుడు సర్వరు ముందు పచ్చగా ఉండే దీపం పసుపు రంగులో కొట్టుకోవడం మొదలెట్టింది. ఎత్తినప్పుడు లోపల ఏదో వదులైనట్టుంది, చూడాలంది ఆశాజ్యోతి. "ఆపాలంటే లోపల రాస్తున్న పని అవ్వాలి, అరగంట పడుతుంది. కొంచెం లాగి చూస్తాను. మీరు ర్యాకుని వెనక్కి పట్టి ఉంచండి. వదలకండి తాతయ్యా."

పట్టుకున్నాను. సర్వరుని మూరెడు ముందుకి లాగింది. ర్యాక్ కదల్లేదు. దాని కింద నకలు మిషను దీపం కూడా కొట్టుకుంటోంది. ముప్ఫై నాలుగేళ్ళు స్తంభాలెక్కిన చేతులివి. ఊరికే ఉండవు. ఒక చెయ్యి ర్యాక్ మీదే ఉంచి, రెండో చేత్తో నకలు మిషన్ని లాగాను.

ఇటుక పక్కకి ఒరిగింది. నా చెయ్యి దాన్ని ఆపలేకపోయింది. ఆశాజ్యోతి పక్కకి తప్పుకోవచ్చు. తప్పుకోకుండా సర్వరుకి చేతులు అడ్డం పెట్టింది. ర్యాక్ మొత్తం బోర్లా పడింది. లోపల బొమ్మలు దాచే డిస్కులు తిరుగుతుండగానే మిషన్లు రెండూ పడ్డాయి. కాసేపు లోపల గరగరమని చప్పుడు వచ్చింది, తర్వాత అదీ ఆగిపోయింది. ఆశాజ్యోతి కుడి మణికట్టు, రెండు వేళ్ళు దాని కింద ఉన్నాయి. "స్విచ్చి తాతయ్యా, స్విచ్చి కట్టెయ్యండి," అంది.

డిస్కుల్ని హైదరాబాదు పంపారు. నాలుగు నెలలకి తిరిగొచ్చాయి. నలభై ఒక్క పుస్తకాల్లో రెండు పుస్తకాల ముక్కలు దొరికాయి. మిగతావి రావని రాసిచ్చారు.

కమిటీ కూర్చుంది. ఆశాజ్యోతి కట్టుతో వచ్చి చివర నిలబడింది. ఎలా పడిందని సెక్రటరీ అడిగితే, "తాతయ్యగారు అక్కడే ఉన్నారండి. వారు చెబుతారు," అంది.

అందరూ నావైపు తిరిగారు. నలభై ఏళ్ళుగా ఏ గోడవారన ఏ తీగ పోవాలన్నా నన్నడిగే మనుషులు. "మిషన్ల పని ఆ అమ్మాయిదండి. వాటి సంగతి నాకేం తెలుసు?" అన్నాను. అందులో ఏ మాటా అబద్ధం కాదు. ఆశాజ్యోతి నన్ను చూసి తల దించుకుంది. ఆ నెలాఖరుకి పనిలోంచి తీసేశారు.

ఇప్పుడు రావులపాలెంలో అరటి మార్కెట్టు దగ్గర జెరాక్సు షాపులో ఉంటోంది. కుడిచేతి రెండు వేళ్ళు వంగవు. మొన్న వేసవిలో వెళ్ళాను. గెలల లారీల హారన్ల మధ్య నిలబడి చెప్పాల్సింది చెప్పాను.

"ఈ ఆదివారం అందరి ముందూ చెబుతానమ్మా."

"చెప్పండి తాతయ్యా."

"నిన్ను మళ్ళీ పిలిపిస్తాను."

"ఎందుకండీ? చూసుకోడానికి అక్కడేముంది?"

ఎవరికో ఆధార్ కాపీలు తీసిచ్చి మళ్ళీ నావైపు వచ్చింది. "ఆ ముక్కలు వచ్చినప్పుడు మీ వరస కోసమే ముందు వెతికాను. డెబ్బై మూడు పుస్తకం రాలేదు. మీకు చెబుదామని ఇంటి దాకా వచ్చి వెనక్కెళ్ళిపోయాను," అంది. నాకు మంచినీళ్ళ సీసా కొనిచ్చి బస్సెక్కించింది.

ఆదివారం ఆరాధన అయ్యాక లేచి నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాను. సెక్రటరీ, "పోనీలెండి, పెద్దవారు. మంచికే కదా చేశారు," అన్నాడు. ఆ అమ్మాయికి అసలు ఇవ్వని క్షమ నాకు అర నిమిషంలో ఇచ్చేశారు. ఊళ్ళో ఇప్పటికీ ఆశాజ్యోతి పడేసిందనే అంటారు. అందుకే ఇది రాశాను. ఎవరు చదువుతారో, చదివి ఏం చేస్తారో తెలియదు.

కృపామణికి బాప్తిస్మం ఇచ్చింది గురువారమని దీనమ్మ అంటుంది. శనివారమని నాకు గుర్తు. వాన పడుతోందన్నది మాత్రం ఇద్దరికీ జ్ఞాపకం. తెర మీద తేదీ చూసిన రోజు ఒక చీటీ ముక్క మీద రాసుకోవాల్సింది. రాసుకోలేదు. ఇప్పుడు ఆ మాట వచ్చినప్పుడల్లా ఇద్దరం కాసేపు వాదించుకుని, ఎవరి మాట కరెక్టో చెప్పేది లేక ఊరుకుంటాం.