పదో టెస్టు ఫైలు

ఆరేళ్లుగా ఈ మాట గొంతులో అడ్డం పడి ఉంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అమెరికాలో, షికాగో పక్కన నేపర్‌విల్‌లో ఉద్యోగం చేసుకుంటూ, శనివారాలు మా ఇంటి బేస్‌మెంట్‌లో హైస్కూలు పిల్లలను ప్రోగ్రామింగ్ పోటీలకు తయారుచేసేదాన్ని. నేను మరీ మరీ చెప్పింది ఒక్కటే. కీబోర్డు ముట్టుకోకండి, ముందు ఆలోచించండి, లెక్కను చిన్న ముక్కలుగా విడగొట్టి కాగితం మీద తేల్చుకోండి. ఈ మాట చెవికెక్కించుకున్నది హారిక ఒక్కతే. మా అమ్మాయికి ఎక్కలేదు. నేను ప్రశ్న చదవడం పూర్తికాక ముందే టైప్ చేసేది.

ఆ ఏడు రాష్ట్రస్థాయి పోటీకి నలుగురిని పంపాలి. ముగ్గురు ఖాయం. నాలుగో చోటు కోసం మా అమ్మాయికీ హారికకీ ఒక పరీక్ష పెట్టాను. ప్రశ్న నాదే. దిద్దేదీ నేనే. ఇంతకన్నా బుద్ధిలేని ఏర్పాటు ఉంటుందా? అప్పుడు ఎవరికీ తోచలేదు. నన్ను అంతగా నమ్మారు.

మా అమ్మాయి అరగంటలో ముగించింది. హారికకి గంట దాటింది, అందులో ముప్పావు వంతు పెన్సిల్‌తోనే. పిల్లలు పిజ్జా తినడానికి పైకి వెళ్లాక ఇద్దరి ప్రోగ్రాములనూ పది టెస్టు ఫైళ్ల మీద, అంటే పరీక్షించడానికి నేను రాసిపెట్టుకున్న సంఖ్యల జాబితాల మీద, నడిపి చూశాను. హారికది పదీ దాటింది. మా అమ్మాయిది తొమ్మిది దాటి, పదో దాని దగ్గర గడువులోపు జవాబు తేల్చలేక ఆగిపోయింది. అందులో లక్ష సంఖ్యలున్నాయి. ప్రతి సంఖ్యనూ మిగతా అన్నిటితో పోల్చుకుంటూ పోయే ప్రోగ్రాము అక్కడ చతికిలబడాలనే పెట్టాను. ఆలోచించినవాళ్లెవరో తెలిసేది అక్కడే.

పైనుంచి మా అమ్మాయి నవ్వు వినిపిస్తోంది. పాఠం చెప్పే ఆవిడ కూతురికే చోటు రాలేదంటే నలుగురూ ఏమనుకుంటారు? ఫైలు తెరిచి లక్షను వెయ్యికి కుదించాను. మళ్లీ నడిపాను. పదికి పది. ఇద్దరూ సమానం కాబట్టి ముందు ముగించినవాళ్లకే చోటు అని ప్రకటించాను. ఆ నియమం కూడా అప్పటికప్పుడు పుట్టించిందే.

అంతటితో ఆగి ఉంటే తల్లిప్రేమ అని సర్దిచెప్పుకునేదాన్నేమో. వెళ్లేముందు షూస్ వేసుకుంటూ హారిక అడిగింది.

“ఆంటీ, పేపర్ మీద చేసి నేను టైమ్ వేస్ట్ చేశానా?”

ఆ పిల్ల కళ్లలోకి చూస్తూనే చెప్పాను.

“అవునమ్మా. నెక్స్ట్ టైమ్ డైరెక్ట్‌గా టైపింగ్ స్టార్ట్ చెయ్యి.”

“ఓకే ఆంటీ” అంది.

నమ్మింది. తరువాతి శనివారం కాగితం తెచ్చుకోలేదు. గబగబా టైప్ చేసి, తప్పులు చేసి, చెరిపి, మళ్లీ తప్పులు చేసింది. నేను చూస్తూ కూర్చున్నాను. ఇంకో రెండు వారాలకి వాళ్లమ్మ ఫోన్ చేసి, ప్రోగ్రామింగ్ తనకి రాదని పిల్ల ఏడుస్తోంది, ఇక పంపను అంది. అయ్యో అన్నాను. ఆ అయ్యో గుర్తొస్తే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

చోటు లాక్కోవడం పెద్ద తప్పా, నేర్పిన మంచి పద్ధతిని తప్పని నమ్మించడం పెద్ద తప్పా? మొదటిది ఆ ఏటి పోటీతో పోయింది. రెండోది ఆ పిల్ల తలలో ఇంకా ఉందేమో.

ఆ రోజు పరీక్షలో గెలిచింది హారిక. ఈ రెండు ముక్కలు రాశాక ఊపిరి కాస్త తేలికపడింది, నాకు. ఆమెకి మాత్రం ఇంకా తెలియదు.