చెయ్యని తప్పుకు క్షమాపణ పత్రం

నా సర్వీసు చివరి ఏడాది జూన్‌లో, వాకాడు మండలంలో సముద్రం ఒడ్డునున్న ఒక హైస్కూలుకు లెక్కల స్కూల్ అసిస్టెంటుగా బదిలీ అయ్యాను. కంప్యూటర్ తెలిసినవాణ్ణని ఎనిమిది నుంచి పది దాకా ‘కంప్యూటర్ నీతి’ పీరియడ్ కూడా నాకే అంటగట్టారు. పరాయివాళ్ల ఖాతా తెరవకూడదు, పాస్‌వర్డు కన్నతల్లికైనా చెప్పకూడదు అని బోర్డు మీద రాసేవాణ్ణి. బడి ఆన్‌లైన్ గ్రూపుల్లో పిల్లలకున్న ఖాతాల పాస్‌వర్డులనేమో, హెడ్మాస్టరు గారి ఆదేశం మీద, అందరికీ అడ్మిషన్ నంబరే పెట్టి, రిజిస్టరులో ఎక్కించి, స్టాఫ్‌రూమ్ బల్ల మీద ఉంచింది కూడా నేనే. లేకపోతే పిల్లలు మరిచిపోతారట!

ఒక ఆదివారం పొద్దున ఏడున్నరకు తొమ్మిదో తరగతి గ్రూపులో సైన్సు టీచరును బూతులు తిడుతూ మెసేజీ వచ్చింది. వచ్చింది సుజాత అనే అమ్మాయి ఖాతా నుంచి. మర్నాడు హెడ్మాస్టరు ఆమె తండ్రిని పిలిపించి, టీసీ ఇచ్చి పంపేస్తానన్నారు. దగ్గరలో ఇంకో హైస్కూలు లేదు. టీసీ చేతికొస్తే ఆ పిల్ల చదువు అక్కడితో సరి.

ఆ వేళకు తన కూతురు అలివి వల లాగుతోందని తండ్రి చెప్పాడు. ఒడ్డు మీద నిలబడి ఊరంతా లాగే పెద్ద వల అది. తాడు పట్టిన ప్రతి మనిషికీ చేపల్లో వాటా ఉంటుంది. ఎవరు లాగారో, ఎవరు ఊరకే నిలబడ్డారో వాటాలు పంచే పెద్దమనిషికి తెలుసు. హెడ్మాస్టరు నవ్వి, మీరూ మీరూ ఒకటేగా అన్నారు. నాకు ఒళ్లు మండింది. నేనే పల్లెకు వెళ్లి ఆ పెద్దాయన్ను వెంటబెట్టుకొచ్చాను. హెడ్మాస్టరు ఆయనకు కుర్చీ కూడా చూపలేదు.

“తెల్లారి తాడు పట్టిన బిడ్డ, వల ఒడ్డెక్కిందాకా వదల్లేదు సార్. తొమ్మిదయింది. వాటా నా చేత్తోనే ఇచ్చినాను,” అన్నాడాయన.

హెడ్మాస్టరు దిగొచ్చి, టీసీ వద్దులే, క్షమాపణ పత్రం రాసిస్తే ఫైలు మూసేద్దామన్నారు. సుజాత కలం ముట్టలేదు.

“నేను చెయ్యలేదు సార్. చేసినానని రాస్తే అబద్ధం గదా,” అని నా వైపు చూసింది.

అప్పటిదాకా హెడ్మాస్టరు మీదున్న కోపం నా మీదికి తిరిగింది. ఇంటి తాళంచెవి వీధిలో వేలాడదీసి, దొంగతనం తప్పని పాఠం చెప్పినవాణ్ణి నేను. ఆ కాగితం లాక్కుని, పిల్లల పాస్‌వర్డులు అందరికీ అందేలా ఉంచిన తప్పు నాదని రాసి, హోదాతో సహా సంతకం పెట్టి, ఒక ప్రతి మండల విద్యాధికారికి పంపాను. వారంలో నాకు మెమో వచ్చింది. సుజాత తరగతిలోనే ఉంది. ఆ మెసేజీ ఎవరు పెట్టారో తేలలేదు, తేల్చాలని ఎవరూ అనుకోనూ లేదు.

నేను నేర్చుకున్నది ఇంతే. పిల్లల పాస్‌వర్డులు మన చేతిలో ఉన్నంతకాలం, వాళ్ల పేరుతో జరిగిన తప్పుకు మొదటి సంజాయిషీ రాయాల్సింది మనమే.