వచ్చే వస్త, పోయే వస్త

ఆ రోజుల్లో ఎవరైనా నన్ను చూసి "నీకు ఊపిరి పీల్చుకునే తీరిక కూడా లేనట్టుందే" అంటే నాకు లోపల లోపల ఎంత సంబరంగా ఉండేదో చెప్పలేను. తీరిక లేకపోవడమే గొప్పతనమని నాకెవరు నేర్పారో గుర్తులేదు కానీ, గట్టిగానే నేర్చుకున్నాను. పొద్దున తొమ్మిదింటి నుంచి హనుమకొండలో ఒక స్కానింగ్ సెంటర్లో రిసెప్షన్ కౌంటరు, సాయంత్రం ఇద్దరు పిల్లలకు లెక్కల ట్యూషను, అది కాగానే నేను 'స్టూడియో' అని పిలుచుకునే అద్దె అరగదిలో మెహందీ రీల్సు, సెలవు రోజుల్లో పెళ్ళికూతుళ్ళు. (అరగది అంటే నిజంగా అరగదే. మిగతా సగంలో ఇంటివాళ్ళ బియ్యం డ్రమ్ములూ, పాత కూలరూ ఉండేవి. అవి రీల్‌లో పడకుండా మధ్యలో గులాబీ రంగు పరదా కట్టాను.) ఇన్ని పనులెందుకంటే వాయిదాల మీద కొన్న స్కూటీ ఉంది కనుక. స్కూటీ ఎందుకంటే ఇన్ని పనులకు తిరగాలి కనుక. ఇందులో ఏదో తిరకాసు ఉందని నాకు తప్ప అందరికీ అర్థమయ్యేది. కొత్త బండిలో ఎప్పుడూ యాభై రూపాయల పెట్రోలే పోయించేదాన్ని. అంతకు మించి పోయించే స్తోమత ఆ బండి నాకు మిగల్చలేదు.

మా అబ్బా, అంటే నాన్న, నెక్కొండ స్టేషన్ రోడ్డులో దర్జీ. నాకు 'బిజీ బేగం' అని పేరు పెట్టింది ఆయనే. ఫోన్ చేస్తే మొదటి మాటే అది. "ఏం బిజీ బేగం, నాలుగు నెలలాయె ఇంటికి రాక. నీకు కుర్తా కుడుదామంటే కొలతలు లేవాయె. ఫోన్ల ముఖం చూసి కొలుచుకోవాల్నా?" అనేవాడు. "వస్త అబ్బా, వస్త" అని పెట్టేసేదాన్ని. ఇదిగో, ఈ 'వస్త' దగ్గరే నా కథంతా ఉంది. మన దగ్గర వెళ్ళిపోయేటప్పుడు ఎవరూ 'పోత' అనరు, అపశకునం. గుమ్మం దాటేవాడు కూడా 'వస్త' అనే దాటుతాడు. అంటే మనకు వస్తానని మాటిచ్చే 'వస్త' ఒకటి, ఇక సెలవు అనే 'వస్త' ఒకటి. ఏది ఏదో అనే తీరును బట్టి తెలిసిపోతుంది. నేను మాత్రం రెంటినీ ఒకే తీరుగా, ఒకే తొందరలో, ఫోన్ వంక చూస్తూ అనేదాన్ని.

ఒక సోమవారం మోకాలి ఎక్స్‌రే కోసం ధర్మసాగర్ నుంచి ఒక ముసలావిడ మా సెంటరుకు వచ్చింది. మా మతం ఆవిడే, మాట మాత్రం నాలాగే అచ్చ తెలుగు. అమ్మమ్మ వయసు కనుక నానీ అని పిలిచాను. నా చేతికున్న మెహందీని తిప్పి తిప్పి చూసి మురిసిపోతే వెంటనే ఒక విజిటింగ్ కార్డు చేతిలో పెట్టాను. (అప్పట్లో పేషెంట్లకు రిపోర్టు కంటే ముందు నా కార్డు అందేది.) ఇంతలో భోజనం వేళయింది. నేను బ్యాగు భుజాన వేసుకుని ఫోన్‌లో ఏదో చూసుకుంటుంటే నానీ ఏదో చెబుతోంది. మనవరాలి పెళ్ళి అన్నట్టూ, శనివారం అన్నట్టూ చెవిన పడింది. "వస్త నానీ, వస్త" అని రెండుసార్లు అని బయటపడ్డాను. సెలవు తీసుకున్నాననే నా ఉద్దేశం. ఆవిడ నా తల నిమిరి, మెటికలు విరిచి, అల్లా చల్లగా చూడాలని దీవించింది. అన్నం తినడానికి పోతుంటే ఇంత దీవెన ఎందుకబ్బా అనుకున్నాను కానీ, ఆలోచించే తీరిక ఏదీ?

ఆ శనివారం సెంటరుకు సెలవు పెట్టి పొద్దున పదింటికల్లా వరంగల్‌లో ఒక కిరాణా షావుకారి ఇంట్లో కూర్చున్నాను. పెళ్ళికూతురికి రెండు చేతులకూ మోచేతుల దాకా, కాళ్ళకు మడమల పైదాకా పెట్టాలి. అడ్వాన్సు ఎప్పుడో తీసుకున్నాను, అది ఎప్పుడో స్కూటీ వాయిదాలో కలిసిపోయింది. ఎడమ చేతి మీద నెమలి మెడ గీస్తుండగా ఫోన్ మోగింది. కొత్త నంబరు. కట్ చేశాను. మళ్ళీ మోగింది. మూడోసారికి స్పీకర్లో పెట్టాను.

"బిడ్డా, ఎక్కడిదాంక వచ్చినవ్?"

"ఎవరూ?"

"నేనే, ధర్మసాగర్ నానీని. పిల్లను పొద్దుగాల్నే తానం చేపిచ్చి కూసోబెట్టిన. చేతులు తుడుసుకొని కూసున్నది, ఏం ముట్టనిస్తలేను. సాయంత్రం అసర్ నమాజు కాంగనే దూల్హా వాళ్ళ ఆడోళ్ళు మెహందీ రస్ముకు వస్తరు. గప్పటికి ఎండాలె గదా. పక్కింటి పిల్ల పెడ్తనంటె నేనే వద్దన్న. నువ్వు వస్త అన్నవాయె. ఒక్కసారి గాదు, రెండుసార్లన్నవ్!"

నా చేతిలో మెహందీ కోన్ ఆగిపోయింది. 'నేను రావడం లేదు నానీ, పొరపాటైంది, ఆ పక్కింటి పిల్లనే పిలవండి' అని అప్పుడే చెప్పి ఉంటే ఇంత రాయాల్సిన అవసరమే ఉండేది కాదు. కానీ బిజీ మనుషులకు ఒక రోగం ఉంటుంది. లేదు, రాను, కాదు అనే మాటలు నోట్లోంచి ఊడిపడవు. నా నోరు దాని అలవాటు కొద్దీ, "వస్తాన నానీ, కాజీపేట దాంక వచ్చిన" అనేసింది. కాజీపేట దాటితే ధర్మసాగర్ ఎంతో దూరం లేదు. నేనున్న వరంగల్ మాత్రం హనుమకొండకు కూడా ఇవతల ఉంది.

ఇక అక్కడి నుంచి రెండు ప్రయాణాలు మొదలయ్యాయి. నా కోన్ ఒకరి చేతి మీద అంగుళం అంగుళం పైకి పాకుతుంటే, నా స్కూటీ నానీ ఊహలో ధర్మసాగర్ రోడ్డు మీద పోతోంది. ఇరవై నిమిషాలకొకసారి ఫోన్. "ఎక్కడిదాంక వచ్చినవ్ బిడ్డా?" ఒకసారి పంక్చర్ అన్నాను. ఒకసారి ఎవరో పెద్దమనిషి ర్యాలీ అన్నాను. ఇంకేం తోచక, "రైల్వే గేటు పడ్డది నానీ" అన్నాను. అవతల ఎవరితోనో గుసగుసలాడి, "గేటెక్కడిది బిడ్డా? మా అల్లుడంటాండు, గా దారిల బిరిడ్జి ఉన్నదట గదా" అంది. అనుమానంగా కాదు, పాపం, నేను దారి తప్పానేమోనని భయంగా. ఆ భయం విన్నాక నాకు నిజంగా సిగ్గేసింది. పెట్టేసే ముందు ఇంకో మాట కూడా చెప్పింది: "ఆఁ, యాది పెట్టుకో, దూల్హా పేర్ల ఎస్ అచ్చరం రాయాలె."

యాది పెట్టుకున్నాను. ఎంతగా పెట్టుకున్నానంటే, కుడి చేయి పూర్తిచేసి అరచేతి మధ్య చూసుకునేసరికి షావుకారి బిడ్డ చేతిలో చక్కని 'ఎస్' వంపులు తిరిగి ఉంది. ఆమెకు కాబోయే భర్త పేరు 'వి'తో మొదలవుతుంది.

"అక్కా, గిదేంది? ఎస్ లాగుంది?" అంది పెళ్ళికూతురు.

"హంస చెల్లే" అన్నాను. దానికి ముక్కు పెట్టాను, రెక్క పెట్టాను, కింద నీళ్ళు కూడా పెట్టాను. నా చెమట బొట్టొకటి ఆ నీళ్ళలోనే పడింది.

ఆ పిల్ల నా మొహం వంక చూసి, తల్లి వంటింట్లోకి వెళ్ళేదాకా ఆగి, మెల్లగా అంది: "పొద్దటిసంది ఇంటానక్కా. పాపం ఆ ముసలామె ఎదురుచూస్తాంది. నాకు కాళ్ళకు వద్దు తియ్. చీర కింద ఎవలు జూస్తరు? నువ్వు పో."

తల్లికి మాత్రం నచ్చలేదు. "కాళ్ళకు సుత మాట్లాడుకుంటిమి గదమ్మా" అని మూతి బిగించింది. ఆ డబ్బు వాపసు ఇస్తానని దండం పెట్టి, కోన్లన్నీ డిక్కీలో పడేసి, ఒకటి మాత్రం చేతి సంచిలో వేసుకుని బయటపడేసరికి రెండయింది. కాజీపేట దాటాను. నిజంగా దాటాను! ఆ సంతోషం అయిదు నిమిషాలు కూడా నిలవలేదు. పొలాల మధ్య, చెట్టు నీడ కూడా లేని చోట, నా లక్ష రూపాయల బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. యాభై రూపాయల పెట్రోలు అంతవరకే. దాన్ని ఒక టీ కొట్టు దాకా తోసి, అక్కడే అప్పగించి, వచ్చిన షేరింగ్ ఆటోను ఆపి, టమాటా గంపలకూ ఎనిమిది మందికీ మధ్య ఇరుక్కున్నాను. మిగతా కోన్లన్నీ డిక్కీలోనే ఉండిపోయాయని ఎక్కాక తెలిసింది. అప్పుడే ఫోన్.

"ఆటోల ఉన్న నానీ, ధర్మసాగర్ దగ్గర్లనే" అన్నాను. ఆ రోజు నేనాడిన మొదటి నిజం అది.

"ఆటో ఎక్కడిది? నువ్వు స్కూటి మీద వస్తానంటివి గదా?" నానీ గొంతులో మొదటిసారి అనుమానం పలికింది. "జర డ్రైవర్ కియ్యి ఫోను."

ఇచ్చాను. డ్రైవర్ నన్ను అద్దంలో పైనుంచి కిందికి చూసి, "ఆఁ పెద్దమ్మా, ఉన్నది. పచ్చ చున్ని. ముఖం మస్తు పరేషాన్గ ఉన్నది. పది నిమిషాలల్ల దింపుత, ఫికర్ చేయకు" అని సాక్ష్యం చెప్పాడు. మా సెంటర్లో ఇంతమందికి రిపోర్టులిచ్చిన నేను, నా గురించి అంత సరైన రిపోర్టు ఎప్పుడూ వినలేదు.

నానీ ఇంట్లో అడుగు పెట్టేసరికి మూడుంపావు. తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. పెళ్ళికూతురు చాప మీద గోడకానుకుని, రెండు అరచేతులూ పైకి చూపిస్తూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పొద్దుటి నుంచి దేన్నీ ముట్టుకోలేదట. అన్నం నానీయే ముద్దలు చేసి పెట్టిందట. ముక్కు దురదపెడితే నానీయే గోకిందట. ఆ ఖాళీ అరచేతులు చూడగానే నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. "ఏడువకు, ముందుగాల పెట్టు" అంది నానీ.

చేతిలో ఒకే కోన్, ఆరడానికి గంటన్నర. పువ్వులూ లతలూ మోచేతుల దాకా సాగే పని కాదు. చిన్నప్పుడు మా వాడకట్టులో పిల్లలందరం రుబ్బిన గోరింటాకుతో పెట్టుకున్నదే గుర్తొచ్చింది. అరచేతి మధ్యలో నిండు చందమామ, అయిదు వేళ్ళకూ అయిదు టోపీలు. అదే పెట్టాను. చందమామ అంచున ఎక్కడో సన్నగా ఎస్ రాశాను. రెండు చేతులకూ కలిపి పావుగంట కూడా పట్టలేదు. అంత సేపూ ఫోన్ చూడలేదు, వేరే చోటు గురించి ఆలోచించలేదు. నెలల తర్వాత నేనున్న చోటే నా మనసు కూడా ఉన్నది అప్పుడే.

అసర్ అయింది. దూల్హా వైపు ఆడవాళ్ళు దిగారు. వాళ్ళలో పెద్దావిడ పిల్ల చేయి పట్టుకుని వెలుతురులోకి తిప్పింది. నానీ చేతిలో తస్బీ జపమాల పూసలు చకచకా జరుగుతున్నాయి. నేను తలుపు వెనక నిలబడి తొంగిచూస్తున్నాను. ఆవిడ చందమామను చూసింది, టోపీలను చూసింది, అటు తిప్పింది, ఇటు తిప్పింది. "మోచేతుల దాంక లేదేంది?" అంది. ఆవిడ వెనకున్న కాలేజీ పిల్ల తల ముందుకు పెట్టి, "అమ్మీ, ఇది ఇప్పటి ఫ్యాషన్! ఎంత ఎర్రగ పండిందో చూడు" అంది. పెద్దావిడ ఇంకోసారి చూసి, పిల్ల అరచేతిని ముద్దు పెట్టుకుంది. నానీ చేతిలో పూసలు ఆగాయి. ఆ కాలేజీ పిల్ల నా దగ్గరికొచ్చి, "ఆపా, వచ్చే నెల మా ఇంట్ల ఫంక్షనుంది, వస్తవా?" అంది. నోట్లోకి 'వస్త' వచ్చేసింది. పళ్ళ వెనకే ఆపాను. "రాను చెల్లే, తీరది" అన్నాను. ఏమీ కాలేదు. ఆ పిల్ల సరేనని వెళ్ళి మిఠాయి తింది.

అసలు చిక్కు బయల్దేరేటప్పుడు వచ్చింది. గుమ్మం దగ్గర నిలబడి నానీతో చెప్పి వెళ్ళాలి. 'పోత' అందామంటే పెళ్ళిల్లు. 'వస్త' అందామంటే నోరు రాదు. చెప్పులు వేసుకుని ఒకటే నీళ్ళు నములుతున్నాను. నానీకి విషయం అర్థమైంది. బోసి నోటితో నవ్వింది.

"పోత అనకు బిడ్డా. వస్త అను."

"వస్త అంటే రావాలె నానీ."

"రా మరి. రేపు నిఖా ఉన్నది గదా. ఏం పని పెట్టుకొని రాకు, ఉత్తగ రా."

అన్నాను. మర్నాడు వెళ్ళాను కూడా. నెక్కొండ నుంచి అబ్బాను రప్పించి, ఇద్దరం బస్సెక్కి వెళ్ళి, కడుపునిండా తిని వచ్చాం. దారిలో అబ్బా చేతి జానతోనే నా భుజాల కొలత తీసుకున్నాడు. రెండు నెలల్లో స్కూటీ మా సెంటర్లో పనిచేసే నర్సు తీసుకుంది, మిగిలిన వాయిదాలతో సహా. అరగదిలో పరదా విప్పేస్తే ఇంటివాళ్ళు చాలా సంతోషించారు, కూలర్ కొంచెం జరుపుకోవచ్చని. ట్యూషన్ పిల్లలు నాకంటే ఎక్కువ సంతోషించారు. ఉద్యోగం ఒకటీ, నెలకు ఇద్దరు పెళ్ళికూతుళ్ళూ మిగిలారు. జీతానికి సరిపడా బతకడం మొదలుపెట్టాక నన్ను బిజీ అన్నవాళ్ళు లేరు. మొదట్లో అది కొంచెం చిన్నతనంగా అనిపించిన మాట నిజమే.

ఏళ్ళు గడిచాయి. ఇప్పటికీ నేను ఫోన్లో 'వస్త' అంటే అబ్బా వదలడు. "వచ్చే వస్తనా, పోయే వస్తనా? సాఫ్ సీద చెప్పు" అంటాడు. నానీకి ఇప్పుడు రెండు మోకాళ్ళూ పనిచేయవు, చెవి కూడా సరిగా వినపడదు. అయినా ఆదివారం మధ్యాహ్నం నన్ను ఏడిపించడానికి తప్పకుండా ఫోన్ చేస్తుంది. నేనప్పటికి తలంటుకుని, జుట్టు ఆరబెట్టుకుంటూ, ఏ పనీ లేకుండా కూర్చుని ఉంటాను. స్కూటీ మీద దుమ్ము రేపుకుంటూ పోయే ఆ పాత బిజీ బేగం గుర్తొచ్చి, దానికో గ్లాసు నీళ్ళిచ్చి కాసేపు కూర్చోబెట్టాలనిపిస్తుంది.

"ఎక్కడిదాంక వచ్చినవ్ బిడ్డా?" అని అరుస్తుంది నానీ.

"ఎక్కడికీ రాలే నానీ" అని నేనూ గట్టిగా అరుస్తాను. "ఇంట్లనే ఉన్న."